పేట సాయంత్రాన్ని ఎవరు మింగారు?

ఈ మధ్య ఉపాధ్యాయుల ట్రైనింగుల్లో రెండు మాటలు తెగ వినబడుతున్నాయి. ఒకటి, వృత్తిపరమైన ఎదుగుదల. రెండోది, ఉద్యోగానికీ జీవితానికీ మధ్య సమతూకం. బోర్డు మీద బొమ్మ గీసి మరీ చెబుతున్నారు. బడి సంగతులు బడి గేటు దగ్గరే వదిలెయ్యాలంట. ఇంటికెళ్ళాక కుటుంబంతో హాయిగా గడపాలంట. పొద్దున్నే అరగంట ధ్యానం చేస్తే ఒత్తిడి పోతుందంట.

చెప్పేవాళ్ళ మీద మాకు కోపం లేదు. వాళ్ళకి పైనుంచి ఇచ్చిన కాయితం చూసి వాళ్ళు చెబుతున్నారు. కాకపోతే ఆ తక్కెడకి రెండు పళ్ళేలే ఉన్నాయి. ఒకదాంట్లో బడి, ఒకదాంట్లో ఇల్లు. గోదావరి డెల్టాలో ప్రాథమిక బడుల్లో పనిచేసే దళిత పంతుళ్ళం, పంతులమ్మలం మేము. మా పేటను ఏ పళ్ళెంలో వెయ్యమంటారు?

నవ్వులాటకి అడగడంలేదు. మా ఇళ్ళల్లో పదో తరగతి దాటిన మొదటి మనుషులం మేమే. డిగ్రీ కాయితం మా తాతలు చూళ్ళేదు. అమ్మానాన్నలు చూశారు గానీ చదవలేరు. అలాంటి ఇంట్లో ఒకరికి ఉద్యోగం వచ్చిందంటే అది పేట మొత్తానికి వచ్చినట్టే. సాయంత్రం బడి వదిలి ఇంటికొచ్చేసరికి అరుగు మీద మనుషులుంటారు. పింఛనుకి వేలిముద్ర పడటంలేదని ఒక ముసలమ్మ. స్కాలర్‌షిప్పు ఫారం ఆన్‌లైన్లో తిరగ్గొట్టిందని ఒక డిగ్రీ పిల్ల. కువైట్‌లో ఉన్న కోడలి అకామా కాయితంలో ఏం రాశారో చెప్పమని ఒక మావయ్య. "మావోణ్ణి స్టేషన్లో కూర్చోబెట్టారండీ మేస్టారూ, మీరొక్క మాట చెబితే ఇంటారండీ" అని ఒక తండ్రి. సర్టిఫికెట్లో కులం పేరు తప్పు పడిందని ఇంకొకరు. వీళ్ళ మధ్యన కూర్చుని పలక మీద ఎక్కాలు రాసుకునే పిల్లలు నలుగురైదుగురు.

ఊళ్ళో పెద్ద రైతు అరుగు మీదకి ఎవరూ ఇట్లా రారు. ఆ ఇంటికి కరణీకం నాటినుంచీ కాయితాలు చదివే మనిషి ఉన్నాడు, వకీలు ఉన్నాడు, తాలూకా ఆఫీసులో బావమరిది ఉన్నాడు. అందుకే వాళ్ళింటి పంతులు సాయంత్రం షటిల్ ఆడుకోగలడు. ఆడుకోనివ్వండి. కానీ ఆయన జీవితాన్ని కొలిచిన బద్దతోనే మా జీవితాన్నీ కొలవొద్దు.

అసలు ఈ సాయంత్రం మనకి ఎక్కణ్ణుంచి వచ్చిందో పిల్లలకి చెప్పాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. గోదారి నీళ్ళు కాలవల్లోకి ఎక్కాయి. భూములు బంగారమయ్యాయి. ఆ భూములు మనవి కావు. ఊడ్చింది, కోసింది, మోసింది మాత్రం మనం. పాలేరు కుర్రాడు తెల్లారకముందు కొట్టంలో దిగితే చీకటి పడ్డాకే ఇంటిమొహం చూసేవాడు. పగటి బడి ఊరి పిల్లలది. మన పిల్లలెవరైనా అటు పోయినా అరుగు కిందే కూర్చోవాలి, దూరాన్నుంచే వినాలి. మిషన్లవాళ్ళు పెట్టిన బడులు కొన్ని వచ్చాయి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1920ల నుంచి లేబర్ డిపార్టుమెంటు బడులు కొన్ని వచ్చాయి. వీటికి తోడు మనోళ్ళు మనకోసం పెట్టుకున్న రాత్రి బడులు. పగలంతా చేలో ఉండే పిల్లోడికి అక్షరం దొరికింది చీకటి పడ్డాకే, లాంతరు కిందే.

రాజమండ్రిలో కుసుమ ధర్మన్నగారు వైద్యం చేసుకుంటూనే 'జయభేరి' పత్రిక నడిపారు. తెల్లదొర పోవాలని అందరూ పాడుకుంటున్న 1921లోనే, మరి నల్లదొర సంగతేంటని అడిగినాయన ఆయన. వృత్తికీ ఉద్యమానికీ మధ్య ఆయన సమతూకం ఎలా పాటించారో ఏ ట్రైనింగులోనూ చెప్పరు. అసలాయన పేరే ఎత్తరు. మామిడికుదురు బిడ్డ బోయి భీమన్నగారు 'పాలేరు' నాటకం రాశారు. అందులో పాలేరు కుర్రాడు చదువుకుని డిప్యూటీ కలెక్టరవుతాడు. ఆ నాటకం చూసొచ్చి పిల్లల్ని బడికి పంపిన పాలేర్ల సంగతి మన పేటల్లో పెద్దలు ఇప్పటికీ చెబుతారు. ఇంకాస్త దూరం వెళ్తే, 1848లో పూనాలో జోతిరావు ఫూలే బడి పెట్టాడు. అందులో పాఠం చెప్పడానికి వెళ్తున్న సావిత్రిబాయి మీద దారిలో పేడా బురదా విసిరేవాళ్ళు. ఆమె సంచిలో ఇంకో చీర పెట్టుకుని వెళ్ళేది. మన వృత్తి ఎదుగుదల చరిత్ర ఇక్కణ్ణుంచి మొదలవుతుంది.

మరి ఇప్పుడా సాయంత్రం ఏమైంది?

ముందు చట్టం ఏం చెబుతోందో చూడండి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం పంతులు పని వారానికి 45 గంటలు. పాఠం తయారు చేసుకునే టైము కూడా ఆ 45లోనే. ప్రాథమిక తరగతులకి ఏడాదికి 200 పనిదినాలు, 800 బోధన గంటలు. అరవైమంది పిల్లల వరకూ కనీసం ఇద్దరు పంతుళ్ళు. అదే చట్టం 27వ సెక్షను ఇంకో మాట చెబుతోంది. పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికలు - ఈ మూడు తప్ప చదువుకి సంబంధం లేని ఏ పనీ పంతులుకి చెప్పకూడదు.

ఇప్పుడు బడికొచ్చి చూడండి. 2022 ఆగస్టులో ముఖం చూపించే హాజరు వచ్చింది. సొంత సెల్లు, సొంత డేటా. లంక ఊళ్ళో సిగ్నలు అందక పంతులమ్మ సెల్లు పట్టుకుని ఏటిగట్టు ఎక్కుతుంది. గట్టెక్కితేనే ఆ రోజు జీతం గట్టెక్కుతుంది. లోపల అయిదు తరగతుల పిల్లలు ఎదురుచూస్తుంటారు. హాజరయ్యాక భోజనం లెక్క, గుడ్ల లెక్క, బూట్ల సైజు, బ్యాగుల లెక్క. ప్రభుత్వాలు మారాయి, యాపుల పేర్లు మారాయి. యాపుల్ని కలిపి ఒకటి చేశామన్నారు. గడులు మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. సాయంత్రం బడి వదిలాక అసలు పని మొదలవుతుంది. గ్రూపులో మెసేజ్ పడుతుంది: ఇంకా పంపని బడుల లిస్టు ఇదిగో, రాత్రి ఎనిమిదింటికల్లా పూర్తి చెయ్యాలి. అరుగు మీద ముసలమ్మ కూర్చునే ఉంటుంది. మేము సెల్లు నొక్కుతూనే ఉంటాము.

ఇక్కడే మా మీద ఒక నింద ఉంది. దాన్ని దాటవెయ్యం. "మేస్టర్లు బడికి రావడంలేదు గాబట్టే ఈ హాజర్లు పెట్టారు. జీతాలు మాత్రం కావాలి" అని పేటలో మనోళ్ళే అంటున్నారు. ఎగ్గొట్టేవాళ్ళు లేరా? ఉన్నారు. చిట్టీలు కట్టించేవాళ్ళు, ఇళ్ళ స్థలాలు అమ్మించేవాళ్ళు, సంతకం పెట్టి టౌనుకి బండెక్కేవాళ్ళు ఉన్నారు. వాళ్ళకి యాప్ ఏం అడ్డం? పొద్దున ముఖం చూపించి, తరగతిలో కుర్చీలో కునికేవాణ్ణి ఏ కెమెరా పట్టుకుంటుంది? పంతులు పాఠం చెప్పాడా లేదా అన్నది ఆ పిల్లాడి అమ్మకి తెలుసు. అదే విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం బడి కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులుండాలి. సగం మంది ఆడవాళ్ళుండాలి. వెనకబడిన, బలహీన వర్గాల తల్లిదండ్రులకి వాళ్ళ పిల్లల సంఖ్యనిబట్టి చోటుండాలి. మన పేటల్లో ఎన్ని కమిటీల్లో మన ఆడవాళ్ళు నోరు తెరిచి మాట్లాడుతున్నారు? వేలిముద్రల దగ్గరే ఆపేస్తున్నారు. పంతులు హాజరు ఆ తల్లుల ముందు పడాలి. తీర్మానాల పుస్తకంలో రాయాలి. అది మాకు అవమానం కానేకాదు. విజయవాడలో ఎక్కడో ఉన్న కంప్యూటరుకి ముఖం చూపించడం కంటే చిన్నమ్మకి, పెద్దమ్మకి జవాబు చెప్పుకోవడం మాకు గౌరవం.

ఇక ఎదుగుదల సంగతి. 2020 జాతీయ విద్యావిధానం పంతులు ఏడాదికి కనీసం 50 గంటల శిక్షణ పొందాలని రాసింది. గంటలు లెక్క పెట్టుకుంటున్నాం. సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసుకుంటున్నాం. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఇంకో మాట చెప్పింది. రిటైరవడానికి అయిదేళ్ళకంటే ఎక్కువ సర్వీసున్నవాళ్ళు రెండేళ్ళలో టెట్ పాసవ్వాలి, లేకపోతే ఉద్యోగం వదులుకోవాలి. అయిదేళ్ళలోపు ఉన్నవాళ్ళు ఉద్యోగంలో ఉండొచ్చు గానీ టెట్ లేకుండా ప్రమోషన్ లేదు.

పరీక్షంటే మాకు భయం లేదు. ఇది గట్టిగా రాస్తున్నాం, ఎందుకంటే మనోళ్ళ మీద 'మెరిట్' అన్న రాయి విసరడానికి కాసుక్కూర్చున్నవాళ్ళు చాలామంది. పరీక్ష రాయకుండా ఈ కుర్చీలోకి వచ్చినవాళ్ళం కాము. డీఎస్సీ రాసే వచ్చాం. మేము ఉద్యోగంలో చేరేనాటికి టెట్ అన్నదే లేదు. 2010 ఆగస్టు 23న దాని నోటిఫికేషన్ వచ్చింది, మన రాష్ట్రంలో మొదటిసారి 2011లో పెట్టారు. అంతకుముందే నియామకమైనవాళ్ళకి అక్కర్లేదని ఆ నోటిఫికేషనే చెప్పింది. పదిహేనేళ్ళు పోయాక ఇప్పుడు మళ్ళీ నువ్వు పంతులువేనా అని అడుగుతున్నారు.

అంతకుముందు అడిగారా? మన పిల్లలు పంతుళ్ళయ్యే రోజుల్లో ఈ పని విలువ నెలకి 398 రూపాయలన్నారు. ఆ స్పెషల్ టీచర్లలో మనోళ్ళు ఎంతమందో ఈ జిల్లాల్లో ఏ సీనియర్ని అడిగినా చెబుతారు. తర్వాత అప్రెంటిస్ అన్నారు, స్టైపెండన్నారు. తర్వాత విద్యా వాలంటీరన్నారు. చవగ్గా దొరికినన్నాళ్ళూ అర్హత ఎవడికీ గుర్తురాలేదు.

పోనీ, రాస్తాం. పాసవుతాం. కానీ ఆ రెండేళ్ళూ ఏ టైములో చదవాలి? పగలు బడి. మిగిలింది ఆ సాయంత్రమే. రాజమండ్రిలో, కాకినాడలో, భీమవరంలో కోచింగ్ బోర్డులు లేవనే లేవనుకోకండి. పేట పిల్లలకి ఇవ్వాల్సిన రెండు గంటలు మెటీరియల్ బిట్లు బట్టీ కొట్టడానికి పోతాయి. ఆడ టీచర్లయితే తెల్లారి నాలుగింటికే లేచి చదవాలి. ఇంత చేసి ఆ 150 మార్కుల్లో మా పనిలో ఏ ముక్కని కొలుస్తారు? తల్లి కువైట్‌లో, తండ్రి రొయ్యల చెరువు కాపలాలో, అమ్మమ్మ దగ్గర పెరిగే పిల్ల వారం రోజులు నోరు విప్పకపోతే ఏం చెయ్యాలో ఆ ప్రశ్నాపత్రంలో ఉంటుందా? రాజోలు నుంచి నర్సాపురం దాకా ఇలాంటి పిల్లలు లేని బడి ఎక్కడుంది? ఆ పిల్లకి అమ్మంటే సెల్లులో కనబడే మొహం. సిగ్నలు పోతే అమ్మ పోయినట్టే. ఆ తల్లులు ఎడారిలో ఎవరి పిల్లలకో స్నానాలు చేయించి, తిండి పెట్టి పడుకోబెడుతున్నారు. పనికీ జీవితానికీ సమతూకం గురించి ఎవరైనా పుస్తకం రాయదలిస్తే ముందు ఆ అమ్మల్ని అడగాలి.

మేము ఎదగనని మొండికెయ్యడంలేదు. ఎదగాలనే అడుగుతున్నాం. 1990ల్లో బ్రిటిష్ వాళ్ళ సాయంతో ఒక ప్రాథమిక విద్యా పథకం నడిచింది. సీనియర్లు దాన్ని అపెప్ అంటారు. డబ్బిచ్చినవాడి లెక్కలు వాడికుంటాయి, అది వేరే సంగతి. కానీ అప్పుడు టీచర్స్ సెంటర్లుండేవి. చుట్టుపక్కల బడుల పంతుళ్ళు ఒకచోట చేరి, వాళ్ళ తరగతిలో ఏది పనిచేసింది, ఏది తన్నింది అని మాట్లాడుకునేవారు, చింతపిక్కలతో, కొబ్బరి చిప్పలతో సామాను చేసుకునేవారు. ఇప్పుడు కాంప్లెక్సు మీటింగంటే పైనుంచి వచ్చిన వీడియో చూడటం, గడులు నింపటం. అందులో ఒక్క గంట మాకొదలండి. కూలి లెక్కతో, చేపల చెరువు మేత బస్తాల లెక్కతో భాగాహారం ఎలా చెబుతున్నామో మేము ఒకరికొకరు చూపించుకుంటాం. పేట పిల్లోడి మాటని 'తప్పు తెలుగు' అని ఎర్ర సిరాతో కొట్టెయ్యకుండా పుస్తకం తెలుగులోకి ఎలా నడిపించాలో మాట్లాడుకుంటాం.

ఈ మధ్యలో బడే కదిలిపోయింది కొన్ని పేటల్లో. 2022లో 117 జీవో పేరున మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించారు. రోడ్డు దాటాలి, కాలవ వంతెన దాటాలి. 2025లో ఆ జీవోని రద్దు చేశారు. ఈలోపు కాన్వెంటు ఆటో ఎక్కిన పిల్లలు తిరిగి దిగలేదు.

ఇక మనలో మనం మాట్లాడుకోవాల్సినవి. ఇది బయటివాళ్ళు చదివినా ఫరవాలేదు.

ఉద్యోగం రాగానే టౌనుకి మకాం మార్చి, పేట పేరెత్తితే మొహం చిట్లించే పంతుళ్ళు మనలో ఉన్నారు. ఏప్రిల్ 14న మాత్రం తెల్లచొక్కా వేసుకుని దండేస్తారు. వాళ్ళకీ 'సమతూకం' మాట బాగా నచ్చింది. పిల్లల చదువు, లోను కంతులు, మనశ్శాంతి - అన్నీ నిజమే, ఎవరికి లేవు? కానీ రిజర్వేషన్ కాయితం మీద కులం పేరు రాసి తెచ్చుకున్న ఉద్యోగానికి ఆ కులం పేటలో వారానికి ఒక సాయంత్రం కూడా బాకీ లేదంటారా? అయితే ఆ మాట పేటకొచ్చి, పేట మధ్యలో నిలబడి చెప్పండి.

ఇంకోటి. మన మీటింగులకి ప్రతి సాయంత్రం వచ్చే మగ పంతుళ్ళ ఇళ్ళల్లో అన్నం ఎవరు వండుతున్నారు? ఆమె కూడా టీచరే అయివుంటుంది, లేదా కూలికెళ్ళి వచ్చివుంటుంది. ఆయన పేటకిచ్చే సాయంత్రం ఆమె సాయంత్రంలోంచి కోసినదే. ఆమె టెట్ ఎప్పుడు చదవాలి? ఆమె మీటింగుకి ఎప్పుడు రావాలి? వచ్చినా చాపల దగ్గర, టీల దగ్గర నిలబెడుతున్నాం గానీ మైకు దగ్గర కాదు. సావిత్రిబాయి జయంతి జరుపుకునే సంఘాలు ఈ ప్రశ్నకి జవాబు చెప్పాలి. ఫూలే భార్యకి అక్షరాలు నేర్పి ఊరుకోలేదు. ఆమెను పంతులమ్మను చేశాడు.

అందుకని సంఘాల వాళ్ళకి మేము చెప్పేది ఇది. ఒక్క పంతులు నెత్తిన పేటనంతా వేసి వాణ్ణి నడుం విరగ్గొట్టొద్దు. అరుగు మీద పని చాలావరకు ఫారాలు, కాయితాలే. ఇంటరూ డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లలు ప్రతి పేటలో ఉన్నారు. వారంలో రెండు రోజులు ఆ పని వాళ్ళు చూడొచ్చు. ఒక మండలంలో మన పంతుళ్ళు, పంతులమ్మలు పదిమంది ఉంటే వంతులేసుకుందాం. ఒక్కొక్కరు వారానికి ఒక్క సాయంత్రం, రెండే రెండు గంటలు. మాలపేట, మాదిగపేట అని విడివిడిగా రెండు బడులు పెట్టొద్దు. వర్గీకరణ మీద ఎవరి వాదన వాళ్ళకున్నా పిల్లల చాప మాత్రం ఒకటే పరవండి. వంతు లేని రోజున ఆ పంతులు తన పిల్లలతో కూర్చుంటాడు, లేదా పడుకుంటాడు. అది కూడా మాకు కావాలి. బడి వదిలాక ఆఫీసు మెసేజ్‌కి మర్నాడు బడి గంట కొట్టాకే జవాబిస్తామని టీచర్ల సంఘాలన్నీ ఒక్కమాట మీద తీర్మానం చెయ్యాలి. మన సంఘాలు ఆ తీర్మానానికి పేటల్లోంచి సంతకాలు పెట్టించాలి. ఒక్క పంతులు ఒంటరిగా ఆ మాటంటే మెమో వస్తుంది. ఊరంతా అంటే చూద్దాం.

మొదలుపెట్టడానికి జనవరి 3, సావిత్రిబాయి పుట్టినరోజు, మంచి రోజు. కమ్యూనిటీ హాలు తాళం సర్పంచి దగ్గరుంటే ముందుగానే అడిగి ఉంచండి. ఇవ్వకపోతే చర్చి వసారా ఉంది, అంబేద్కర్ బొమ్మ దగ్గర అరుగుంది. బల్బు ఒకటి ఎక్కువ వాటేజీది పెట్టించండి. పిల్లల పేర్లు రాసుకునే రిజిస్టరు మేము తెస్తాం. తల్లులు కూడా రావాలి, బడి కమిటీ సంగతి ఆ రోజే మాట్లాడదాం.